ఫోను నొసట బొట్టు

(జోడు నాడెలు: పదకొండో భాగం)

"విడిపోను పెట్టుకున్నరంట."

ఈ ఒక్క ముక్క గద్వాలలో నేతగాళ్ళ వీధి ఈ కొస నుంచి ఆ కొసకు పోవడానికి పాలప్యాకెట్ చింపినంత సేపు కూడా పట్టలేదు. అన్నది బుచ్చమ్మ. విన్నది వీధి. అసలు మాట అంతకుముందే ఎక్కడో జారిపడింది. ఇంటర్నెట్ తీగ లాగడానికి వచ్చిన కేబుల్ దానియేలు, నోట్లో రెండు మేకులు పట్టుకుని గడపలో నిలబడి, "వీడియో ఫోను పెట్టుకున్నరు గద, ఇగ నెట్టు జోరుగుండాలె" అన్నాడు. మేకుల సందులోంచి బయటపడ్డ "వీడియో ఫోను" బుచ్చమ్మ చెవిలోకి పోయేసరికి "విడిపోను" అయి కూర్చుంది. నెట్టు అన్న మాట కూడా తోడవడంతో ఎవరు ఎవరిని బయటికి నెట్టబోతున్నారో తెలియక ముసలామె పక్కింటి గడపలో కూలబడింది. ఇరవై మూడేళ్ళ కాపురం చేసిన కొడుకు ఆశన్న, కోడలు సుగుణమ్మ విడిపోతున్నారని ఆమె చెప్పుకుంటే, వీధి చెవి నిక్కబొడుచుకుంది.

ఆ చెవిని కాసేపు అట్లా నిక్కబొడిచే ఉంచి, మనం ఆశన్న ఇంట్లో ఎక్కడిదాకా వచ్చామో ఒకసారి చూసుకుందాం.

బెంగళూరులో చీరల దుకాణం నడిపే సుప్రియ గద్వాల చీర పేరు చెప్పి మరమగ్గం చీర అంటగట్టినవాళ్ళ చేతిలో రెండుసార్లు మోసపోయింది. మూడోసారి మోసపోవడం ఇష్టం లేక, పన్నెండు చీరలు నేసే ఇంటికి ఒక బల్లమీది వీడియో ఫోను పంపింది. బీచుపల్లికి ఇవతల ఎర్రవల్లి చౌరస్తాలో బస్సు డ్రైవరు దించిపోయిన ఆ అట్టపెట్టెను ఆశన్న పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. సెల్లుంది కదా ఇదెందుకని వీధిలో అడిగినవాళ్ళకు అతని జవాబు సిద్ధంగానే ఉంది. సెల్లయితే ఒకరు పట్టుకోవాలి, గుంటమగ్గం మీద నాలుగు చేతులకూ పనే. ఇదయితే స్టూలు మీద కూర్చుని, జానెడు తెర ఎత్తి, మగ్గాన్నే చూస్తూ ఉంటుంది.

సుప్రియ షరతు ఒకటే. ఫోనులో తాను చూస్తుండగా ఎవరు ప్రధాన నేతగా కూర్చుని నేస్తారో, వాళ్ళ పేరూ ఫొటోనే ప్రతి చీర కొంగుకూ కట్టే చీటీ మీద వేస్తుంది.

ఇక్కడే ఉంది ముడి. గద్వాల చీరకు ఒళ్ళంతా నూలు, అంచు మాత్రం పట్టు. ఈ రెండూ కుట్టు లేకుండా కలవాలంటే నూలు పోగునూ పట్టు పోగునూ ప్రతి వరుసకూ ఒకదానితో ఒకటి పెనవేయాలి. దాన్ని కుప్పడం అంటారు. దానికి ఇద్దరు కావాలి. నడుమ కూర్చున్నవారు నేస్తూ పెనవేస్తారు, పక్కన కూర్చున్నవారు పట్టు పోగును అటూ ఇటూ మోసే అంచు నాడె విసురుతారు. "ఆశన్న కుప్పడం" అంటే గద్వాలలో గోటితో గీకినా ఊడదని పేరు. ఆ పేరు ఆశన్నదే. కానీ రెండేళ్ళుగా పని సుగుణమ్మది. ఆశన్న కంటికి దగ్గరి పోగు రెండై కనిపించడం మొదలైన నాటి నుంచి ఆమె నడుమ పీట మీద, అతను పక్క పీట మీద. తలుపు మూసి నేస్తారు. ఆశన్న తన నమూనాను దొంగలు ఎత్తుకుపోకుండా కాపాడుకుంటున్నాడని వీధి అనుకుంటుంది. నిజానికి అతను కాపాడుకుంటున్నది పేరుని.

పోయిన వారం సుగుణమ్మ నూలు కండెలు చుడుతూ, తల ఎత్తకుండా, చీటీ మీద రెండు పేర్లు పట్టవా అని అడిగింది. ఆశన్న నాడెలో కండె ఎక్కించుకున్నాడు. మనం అక్కడ ఆగాం. వాళ్ళు మాత్రం ఆగలేదు, పది గంటలకు బెంగళూరు ఫోను రావాలి కాబట్టి.

తొమ్మిదిన్నరకే ఆశన్న గడ్డం గీసుకుని, తెల్లచొక్కా తొడిగి, రెండేళ్ళ తర్వాత నడుమ పీట మీదికి దిగాడు. సుగుణమ్మ పక్క పీట దుమ్ము దులిపి కూర్చుంది. దానియేలు మేకులు గోడలోకీ తీగ ఫోనులోకీ దించి, పచ్చ బటన్ నొక్కితే చాలని చెప్పి, తన వైర్ల చుట్ట సర్దుకుంటున్నాడు.

అప్పుడొచ్చింది బుచ్చమ్మ, పక్కింట్లో ఏడవాల్సినంత ఏడ్చి. కొడుకు కాపురం కూలిపోతోందని గుండెలో దిగులున్నా ఆమె చెయ్యి అలవాటు మరవలేదు. ఆ ఇంట్లోకి ఏ ఇనుము వచ్చినా మొదట పసుపు కుంకుమ పడాల్సిందే. మగ్గానికి పడింది, సైకిలుకు పడింది, మిక్సీకి పడింది, గ్యాసు పొయ్యికి పడింది. ఈ ఫోను వచ్చిన రోజే ఇల్లు విడిపోయే మాట వచ్చింది కాబట్టి దీనికి ఇంకాస్త గట్టిగానే పడాలి. ఆమె తడిపిన కుంకుమ గిన్నె పట్టుకుని ఫోను ఎదుట కూర్చుంది. చూస్తే దానికి ముఖం ఉంది, వెడల్పుగా, నున్నగా. ముఖానికి పైన సరిగ్గా నడుమ నల్లటి చిన్న చుక్క ఉంది. బొట్టు ఎక్కడ పెట్టాలో కంపెనీవాళ్ళే గుర్తు పెట్టి పంపారని ముసలామె సంతోషించింది. ఆ చుక్క మీద రూపాయి బిళ్ళంత బొట్టు అద్ది, దండం పెట్టుకుంది.

ఆ చుక్కే కెమెరా అని ఆమెకు తెలియదు. తెలిసిన దానియేలు వైర్ల చుట్టలో తల దూర్చి ఉన్నాడు.

సరిగ్గా పదికి ఫోను పిల్లనగ్రోవిలా మోగింది. ఆశన్న బొటనవేలితో పచ్చ బటన్ నొక్కాడు. తెర మీద సుప్రియ వచ్చింది. కళ్ళద్దాలు, వెనక చీరల అరలు, పక్కన ఎవరో కొనడానికి వచ్చినావిడ. "నమస్కార, మీరు మొదలుపెట్టండి, స్వల్ప నిల్లి, కొంచెం ఆగండి, ఈవిడను పంపించి చూస్తాను" అని ఆమె అటు తిరిగింది. ఆశన్న రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. మాట్లాడలేదు. ఎందుకంటే ఫోను పక్కన రిసీవరు ఉంది, అది దాని గూట్లో ఉంది. వీధి చివర టెలిఫోను బూతు ఉన్న కాలం నుంచి ఆశన్నకు తెలిసిన నియమం ఏమిటంటే, రిసీవరు ఎత్తితేనే మన మాట అవతలికి పోతుంది. ఎత్తలేదు కాబట్టి పోదు. తెర మీద ఆమె కనిపిస్తోంది కాబట్టి మనం ఆమెకు కనిపిస్తాం. తెర మూలన చిన్న గడిలో ఏదో ఎర్రగా ఉన్నా అది కంపెనీ ముద్ర కాబోలనుకున్నాడు.

అట్లా, కన్ను తెరిచి ఉందనుకున్నారు, అది మూసుకుంది. చెవి మూసి ఉందనుకున్నారు, అది తెరుచుకుంది.

ఆశన్న నేయడం మొదలుపెట్టాడు. ఠీవి ఏమాత్రం తగ్గలేదు. భుజాలు, మెడ, కాలు తొక్కే తీరు అంతా పాత ఆశన్నే. రెండు వరుసలు బాగానే పడ్డాయి. మూడో వరుసకు అంచు దగ్గర అతని వేళ్ళు గాలిలో వెతుక్కున్నాయి.

సుగుణమ్మ పెదవి కదలకుండా అంది. "ఆగు. పోగు పట్టుకోలే. సందు పడ్తది."

"మెల్లగ అనవే. చూస్తున్నది."

"చూస్తున్నది గని, ఇంటలేదు గద. ఎడమకు జరుగు. జర. ఆ, గిప్పుడు పెనెయ్యి."

జర అంటే జర జరిగి, జరీ పోగు మాత్రం జరగకుండా ఆశన్న ఎట్లాగో ఆ వరుస దాటించాడు. నాలుగోది దాటించాడు. అయిదో దానికి ఇద్దరి చేతులూ అంచు దగ్గర గుద్దుకున్నాయి. అతను నాడె ఒళ్ళో పెట్టుకున్నాడు. ముఖం మాత్రం ఫోను వైపు నవ్వుతూనే ఉంది, ఫొటో దిగేవాడిలా.

"నాకు కనవడ్తలేదు సుగుణా. ఒక్క పోగు రెండైతున్నది. నువ్వు చెప్తుండు, నేను చేతులాడిస్త. రెండేండ్ల సంది నువ్వు నేసినయి నా పేరు మీద పోయినయి గద. ఈ పన్నెండు గూడ పోనియ్యి."

సుగుణమ్మ కాసేపు అంచునే చూసింది. మూడో వరుస దగ్గర నువ్వుగింజంత సందు ఉంది. వీధిలో ఎవరి కంటికీ ఆనేది కాదు. ఆమె కంటికి మాత్రం గడపంత కనిపించింది.

"పేరు పోనిస్త. నువ్వు నేర్పిన పనే, నీ పేరే ఉండనియ్యి. గని గీ సందుతోని చీర పోనియ్య. కట్టుకున్న పిల్ల నడుమ అంచు చినిగితే అది నా చెయ్యే. నా పేరు లేకున్న ఊకుంట, నా పని పాడైతే ఊకోను." చేతిలోని నాడె మగ్గం మీద పెట్టింది. "లే ఆడికెళ్ళి."

సరిగ్గా ఈ "లే" దగ్గరికే గడపలో కాశయ్య దిగబడ్డాడు. నేత సంఘానికి ఆయనే నేత. వెనక ఇద్దరు పెద్దమనుషులు, వాళ్ళ వెనక సగం వీధి. విడిపోయే కాపురాన్ని కలపడానికి వచ్చినవాళ్ళు, పెళ్ళాం మొగుణ్ణి పీట మీద నుంచి లెమ్మనడం చూసి, వార్త నిజమేనని గడప బయటే చెప్పులు విడిచారు.

ఎవరూ నోరు విప్పకముందే ఫోను మాట్లాడింది.

"ఆశన్నగారూ, మీరు నాకు కనిపించడం లేదు. అంతా ఎర్రగా ఉంది. కానీ మాట బాగా వస్తోంది. మొదటి నుంచీ."

ఆశన్న ముఖం మీది ఫొటో నవ్వు అట్లాగే ఉండిపోయి, కింద ఉన్న మనిషి మాత్రం ఎటో వెళ్ళిపోయాడు. సుగుణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దానియేలు వైర్ల చుట్టలోంచి తల ఎత్తి, ఫోను నొసలు చూసి, బుచ్చమ్మను చూసి, బొట్టు తుడవమన్నాడు.

"బొట్టు చెరపమంటవారా? ఇయ్యాల? ఈ ఇంట్ల?" అని బుచ్చమ్మ గిన్నెను గుండెకు హత్తుకుంది. ఆమె భయం ఆమెది. పెద్దమనుషులు తలా ఒక మాట చెప్పారు. చివరికి ముసలామే దారి కనిపెట్టింది. మొదట తెర కింద ఇంకొక బొట్టు పెట్టి, అది కుదిరిందని చూసుకుని, అప్పుడు పైదాన్ని కొంగుతో తుడిచింది. ఆమె లెక్కలో బొట్టు జరిగింది, చెరగలేదు.

తెర మూలనున్న గడిలో ఎరుపు పోయి మగ్గం వచ్చింది. మగ్గం వెనక ఆశన్న, సుగుణమ్మ, కాశయ్య, సగం వీధి. సుప్రియ కళ్ళద్దాలు సర్దుకుంది. ఎవరినీ తప్పు పట్టలేదు. మీరే చెప్పండి, ఏ పేరు రాయమంటారు అని మాత్రం అడిగింది.

గద్వాలలో ఆశన్న పేరు విని కుర్చీ వేసే దుకాణాలు పది ఉన్నాయి. ఆ పదింటి సంగతి తెలిసిన మనుషులే గడపలో నిలబడి ఉన్నారు. అతను వాళ్ళను చూశాడు. అంచులో పడ్డ సందును చూడబోయాడు, అది అతనికి కనిపించలేదు. గుంటలోంచి పైకి లేచి నిలబడ్డాడు.

"మేడం, నడుమ కూసునేది నేను కాదు. ఈమె. కాశయ్యన్నా, నువ్వు గూడ ఇను. పోయిన ఏడు నువ్వు నా భుజం తట్టి ఊరంత చూపించిన చీర గూడ ఈమెదే. ఈమె నన్ను దాటి రెండేండ్లైంది. నా కండ్లు పోయినయని ఏడ్వాల్నో, ఆ చేతులు చూసి మురవాల్నో తెల్వక తలుపు మూసి పెట్టిన. మురిసింది గూడ మూసిన తలుపెనకనే. ఇయ్యాలటి సంది తలుపు తెరిసే ఉంటది."

అని, చొక్కా చేతులు మడిచి, పోయి పక్క పీట మీద కూర్చున్నాడు. అంచు నాడె చేతిలోకి తీసుకుని, ఇంకా రాదేమిటన్నట్టు భార్య వైపు చూశాడు.

సుగుణమ్మ నడుమ పీట మీదికి దిగింది. మొదట చేసిన పని నేయడం కాదు, విప్పడం. అయిదో వరుస నుంచి వెనక్కి తీస్తూ, సందు పడ్డ చోటు దాకా వచ్చి, అక్కడి నుంచి మళ్ళీ అందుకుంది. ఆ తర్వాత ఎవరికీ ఏమీ చెప్పాల్సిన పని పడలేదు. ఆమె కాలు తొక్కగానే అతని నాడె వచ్చింది, నాడె రాగానే ఆమె వేలు రెండు పోగుల్నీ మెలేసింది, వరుసను బిగించే పలక దగ్గరికొచ్చి కొట్టింది. పక్క పీట మీద ఆశన్న ఒక్కసారి కూడా అంచు చూడలేదు. నాడె చప్పుడుకే చెయ్యి ఆడిస్తున్నాడు, మెడ ఇందాకటికంటే రెండంగుళాలు పైనే ఉంది. గడపలో గుసగుసలు ఆగిపోయాయి. ఆ వీధిలో అందరూ నేసేవాళ్ళే. వాళ్ళకు వేగం కాదు కనిపించేది, తడుముకోకపోవడం.

బెంగళూరులో చీర కొనడానికి వచ్చినావిడ కూడా కొనడం మాని సుప్రియ భుజం మీదుగా తొంగిచూస్తోంది. అతుకు బలం చూడాలని సుప్రియ అడిగితే, మొన్న మగ్గం దించిన చీర తెప్పించి, కాశయ్య తానే ఒళ్ళు ఒక చేత, అంచు ఒక చేత పట్టి గుంజాడు. ముఖం ఎర్రబడేదాకా గుంజాడు. చీర కిర్రుమనలేదు, ఆయన భుజం అంది.

"విడిపోదు" అని కాశయ్య తీర్పు చెప్పాడు. చెప్పాక, తాను వచ్చిన పని గుర్తొచ్చి గొంతు సవరించుకున్నాడు. "చీర సంగతి సరే ఆశన్నా. మరి మీ ఇద్దరి సంగతేంది? విడిపోను పెట్టుకున్నరంట గద. మేమొచ్చింది గందుకే."

ఆశన్న సుగుణమ్మను చూశాడు. సుగుణమ్మ ఆశన్నను చూసింది. ఎవరు చెప్పారని అడిగితే కాశయ్య వెనకవాణ్ణి చూపించాడు, వెనకవాడు పక్కింటామెను, పక్కింటామె బుచ్చమ్మను, బుచ్చమ్మ దానియేలును. దానియేలు ఈసారి మేకులు లేని నోటితో, ఒక్కొక్క అక్షరం విడివిడిగా, తాను అన్నది "వీ-డి-యో ఫో-ను" అని వీధికంతా వినిపించేలా చెప్పి, స్టూలు మీద ఉన్నదాన్ని వేలుపెట్టి చూపించాడు. ఒక్క క్షణం ఎవరికీ ఎక్కలేదు. ఎక్కాక గడప దగ్గర నవ్వు మొదలై, చెప్పుల దాకా పోయి, తిరిగి మగ్గం దాకా వచ్చింది. సగం అర్థమై సగం కాని సుప్రియ కూడా అటు నవ్వుతోంది. విడదీయడానికి వచ్చిందనుకున్న పెట్టె ముందే రెండు పీటలూ కలిసి పనిచేశాయని ఆశన్న అంటే, కాశయ్య తన భుజం పట్టుకునే నవ్వాడు.

చీటీ మీద సుగుణమ్మ పేరే వేస్తానని సుప్రియ ఖాయం చేసింది. ఫొటోలో మాత్రం ఇద్దరూ ఉండాలంది, నాలుగు చేతులూ కనపడేటట్టు. దాంతోపాటు చేనేత సభ్యత్వం కార్డు నంబరు కూడా కావాలంది. మోసపోయినామె కదా. అక్కడ నవ్వు కాస్త తగ్గింది. సుగుణమ్మకు కార్డు లేదు. ఆమె ఎన్నడూ సంఘంలో చేరలేదని, కొత్త కార్డుకు నెలలు పడుతుందని కాశయ్య గబగబా చెప్పాడు. అవసరమైన దానికంటే కొంచెం గబగబాగానే.

నవ్వని మనిషి మొదటి నుంచీ ఒక్కరే ఉన్నారు. బుచ్చమ్మ కుంకుమ గిన్నె కింద పెట్టి, లోపలికి పోయి, రేకుపెట్టె అడుగు నుంచి పాత గుడ్డమూట ఒకటి తెచ్చింది.

"అందరు నవ్విన్రు. విడిపోను అని నాకే ఎందుకు ఇనవడ్డదో ఒక్కరన్న అడగకపోతిరి" అంది. మూట విప్పి, అందులోది కోడలి చేతిలో పెట్టింది. "ఇది ఏనాడో నీకు దొరుకుతది, దొరికిననాడు నువ్వు గదే మాట అంటవని భయంతోని కాసుకొని ఉన్న బిడ్డా. ఇరవై మూడేండ్ల సంది. గందుకే గట్ల ఇనవడ్డది."

రంగు వెలిసిన అట్టకార్డు. మూలన పద్దెనిమిదేళ్ళ పిల్ల ఫొటో, రెండు జడలు. చేనేత కార్మికురాలు, సుగుణమ్మ, రాజోలి. పెళ్ళికి ముందు పుట్టింట్లో తండ్రి చేయించిన కార్డు. పెళ్ళినాడు సామాన్లలో పోయిందని ఆమె వెతికి వెతికి వదిలేసిన కార్డు.

సుగుణమ్మ దాన్ని తిప్పి చూసింది. వెనక "సభ్యురాలి కోరిక మీద రద్దు" అని రాసి, సంఘం ముద్ర వేసి ఉంది. కింద ఆమె సంతకం. ఆమె పెట్టని సంతకం.

"అత్తా, ఇది నేను చెయ్యలే" అంది నిదానంగా. "ఎవరు చేసిన్రు?"

తెర మీద సుప్రియ ఫోను పెట్టేయలేదు. కళ్ళద్దాలు తీసి మరీ చూస్తోంది. ఆమె చూపు సుగుణమ్మ మీద లేదు, సుగుణమ్మ వెనక గడప మీద ఉంది. బొట్టు జరిగిన ఆ కన్ను ఇప్పుడు ఇల్లంతా చూడగలదు. ఆ గడపలో, ఇంతసేపూ అందరికంటే పెద్దగా నవ్విన కాశయ్య, ఎవరికీ చెప్పకుండా, తన చెప్పుల కోసం వెతుక్కుంటున్నాడు.